పొగ తగలని చుట్ట

మా ఇంట్లో ఈకల చుట్ట ఒక్కటే మిగిలింది. అడవిలోని ఎర్రపిట్టల మెత్తటి ఈకలను అతికించి చుట్టిన పొడవాటి పట్టీ అది. నాయనమ్మ దాన్ని ఆకుల్లో చుట్టి పొయ్యికి పైన వేలాడదీసేది. అలాంటివి కట్టడం తెలిసినవాళ్లు మా దీవిలో ఇప్పుడెవరూ లేరు. వెరోలిన్‌ను మా అన్న హెన్లీకి ఇవ్వాలంటే మాత్రం వాళ్ల ఇంటివాళ్లకు కన్యాశుల్కంగా ఆ చుట్టే కావాలి.

నాయనమ్మ పోయాక అన్న రేకుల ఇల్లు కట్టాడు. చుట్టను ప్లాస్టిక్ సంచిలో పెట్టి రేకు పెట్టెలో దాచాడు.

"పొయ్యి మీదే ఉండనీ అన్నా," అన్నాను.

"మసి మూట తెచ్చాడని మీ వదిన వాళ్లు నవ్వరూ? నువ్వూ ముసల్దానిలా తయారయ్యావే!"

వానాకాలం వెళ్లాక వెరోలిన్ మేనమామ నాపోవ తన వాళ్లతో వచ్చాడు. వెరోలిన్ కంచె దగ్గరే నిలబడింది.

"ఏరా అల్లుడూ, ఈ రేకుల కింద పిల్లను కాపురానికి పెడతావా, ఉడకబెడతావా?" అన్నాడు నాపోవ. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వుతూనే పెట్టె తెరిచాడు.

చెమ్మ వాసన వచ్చింది. సంచి విప్పితే ఈకలు దానికే అంటుకుని ఊడివచ్చాయి. నాపోవ బొటనవేలితో రాస్తే ఎర్రటి పొడి రాలింది. కింద ఉత్త నార కనిపించింది.

"ఎక్కడ దాచావురా దీన్ని?"

"పెట్టెలో మామా. మసి అంటకుండా..."

"ఆ మసితోనే కదరా ఇన్నాళ్లూ నిలిచింది!"

అతను చుట్ట చివరి ముడిని వేళ్లతో తడిమాడు. "ఇది మా నాన్న కట్టిన చుట్టే. ఆయన వేసిన ముడి," అన్నాడు. చాలాసేపు దాన్ని వదల్లేదు.

"నోట్లిస్తాను మామా. ఎన్నంటే అన్ని."

"వాటితో పడవకు ఇంజను కొనుక్కో. మా అమ్మనూ, అక్కనూ ఇలాంటి ఎర్రచుట్ట తీసుకునే ఇచ్చారు. ఈ పిల్లను ఊరికే ఇచ్చేశారని రేపెవరైనా అంటే నేను వినలేను."

చుట్టను జాగ్రత్తగా అన్న చేతిలో పెట్టి లేచాడు. వెరోలిన్ అన్న వైపు ఒకసారి చూసి వాళ్ల వెనకే ఇసుకలోకి దిగింది.

సాయంత్రం అన్న వంటపాకలోకి వచ్చాడు. చుట్టను అరటాకులో చుట్టి, నాయనమ్మ కట్టిన పాత కొక్కేనికే తగిలించాడు.

"పొగ ఇంకాస్త రానీవే," అన్నాడు.

పొయ్యిలోకి పచ్చి కొబ్బరిపీచు తోశాను.