అఘోరాచారి దించిన ఉలి

వైశాఖమాస మధ్యాహ్న మార్తాండుని ప్రచండకిరణములచే పెన్నానది యిసుకతిన్నెలు మంగలమువలె కాగుచుండగా తీరమందలి శిల్పశాలలో నిలువెత్తు కృష్ణశిలా విగ్రహమొక్కటి సర్వావయవ సంపూర్ణమై సర్వాభరణశోభితమై కన్నులు మాత్రము తెరువక నిలిచియుండెను. చెన్నకేశవాలయమున నూతనముగా ప్రతిష్ఠింపనున్న అమ్మవారి మూర్తి యది. మూడేండ్లు శ్రమించి దానిని మలచిన నాగలింగాచారికి వారము దినములుగా కంటికి కునుకు లేదు.

శిలను దేవతగా జేయు కడపటి సంస్కారము నేత్రోన్మీలనము. బంగారు ఉలితో కనుపాపలు తీర్చు నా క్షణమే శిల్పికి జన్మసాఫల్యము. దానికి ఆలయ ధర్మకర్తయగు సూరపరాజు అడ్డుపడెను.

"నిప్పు లేనిదే పొగ రాదు ఆచారీ. మీ ముత్తాత స్వామి కన్నులు తెరిచే వేళకు పని వదిలి పోయినాడని ఊరంతా అంటుంది. ఎందుకు పోయినాడో ఒక్క ఆధారం చూపించు. పని నీదే. లేకుంటే వేరే శిల్పిని పిలిపిస్తా."

ఆ నింద నూటయిరువదేండ్ల నాటిది. నాగలింగాచారి ముత్తాతయగు అఘోరాచారి చెన్నకేశవస్వామి మూలమూర్తిని మలచి ముహూర్తమునకు గడియ ముందు ఉలిని తమ్ముని చేతబెట్టి కారణము చెప్పకయే వెడలిపోయెను. తమ్ముడే కన్నులు తెరచెను. నాటినుండి అఘోరాచారికి భక్తిహీనుడను పేరు స్థిరపడెను. కుండ మూతికి మూకుడు కలదు గాని ఊరి మూతికి లేదు గదా.

నాగలింగాచారియు ఆయన కూతురు కాళికాంబయు ఇంటనున్న తాటియాకుల కట్టలన్నియు విప్పి జాతకములును లగ్నపత్రికలును పితృతిథుల పట్టికలును మూడుదినములు శోధించిరి.

"నాయనా, అఘోరాచారి తాత వాళ్ల నాయన పోయిన తిథి వైశాఖ శుద్ధ దశమి. స్వామి కన్నులు తెరిచిన దినమని గుడి శాసనంలో ఉండేదీ అదే సంవత్సరం, అదే దశమి."

"మరి ఇన్నేండ్లూ ఎవరికీ తట్టలేదేమమ్మా?"

"స్వామి పండగ నక్షత్రం చూసి చేస్తారు. తద్దినం తిథి చూసి పెడతాము. రెండూ ఒకనాడు పడేది ఎప్పుడోగాని లేదు."

ఆ పట్టిక క్రిందనే అఘోరాచారి స్వహస్తలిఖితమిట్లుండెను: "తండ్రిగారు కాలధర్మము నొందిన వార్త తెచ్చినవానిని నేనొక్కడనే కలిసికొంటిని. మైల విన్నవానికి గాని విననివానికి లేదు. కావున ఏమియు చెప్పక ఉలిని తమ్మునికిచ్చి వచ్చితిని. స్వామియందు ఊరివారికి శంక పుట్టకుండుటకై ఈ మాట బైటపెట్టకుందుమని పిదప ఇరువురము ప్రమాణము చేసితిమి."

నాగలింగాచారి ఆ యాకును కన్నుల కద్దుకొని బిగ్గరగా ఏడ్చెను. తండ్రిని పోగొట్టుకొన్న దినముననే తన కీర్తినిగూడ పోగొట్టుకొని దేవుని కన్నులు కాపాడిన మహానుభావుని భక్తిహీనుడని నోరార పిలిచిన లోకమిది.

మరునాడు ఆయన ఆ యాకును ఉత్తరీయపు మడతలో నుంచుకొని ఆలయమునకు పోయెను. అప్పుడొక బాలెంతరాలు నెలల బిడ్డను స్వామి యెదుట పైకెత్తి "చల్లగా చూడు సామీ" అని వేడుకొనుచుండెను. ఆయన అడుగు ఆగిపోయెను. శాస్త్రము సమ్మతించినను చావుకబురు వచ్చిన యింటివాని చేత తెరవబడిన కన్నులని తెలిసిన పిదప ఈ తల్లి ఇట్లే బిడ్డను చూపునా?

"ఆధారం దొరికిందా ఆచారీ?" అని సూరపరాజు అడిగెను.

"దొరికింది రాజుగారూ. చూపించను."

"చూపించకుంటే పని పోతుంది. ఆలోచించుకో."

"పోనీండి" అని నాగలింగాచారి బంగారు ఉలిని ఆయన చేతికిచ్చి నమస్కరించి వెనుదిరిగెను.

ముహూర్తమునాడు పొరుగూరి శిల్పి అమ్మవారి కన్నులు తెరచుచుండగా నాగలింగాచారి కూతురితో గూడ ప్రాకారము వెలుపల జనములో నిలుచుండెను. ముత్తాతకు తగిన మునిమనుమడని ఆయనను మెచ్చుకొనువా రెవ్వరును లేరు. అయినను కీర్తి సంపాదించినవాని వంశమున పుట్టుట భాగ్యము. కీర్తిని దేవునికి సమర్పించినవాని వంశమున పుట్టుట అంతకంటె ఘనత. ఆనాడు ఆ జనసమూహమున ఆయనవలె తలయెత్తి నిలుచున్నవాడు మఱియొకడు లేడు.