కడిగిన చెవి

మా ఆయన భూమేశ్వర్ ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు నాణ్యం చూసి చెప్పే మనిషి. కొమ్మును కుడి చెవి దగ్గర పెట్టి విరిచేవాడు. ఖంగుమంటే సరుకు ఎండినట్టు, మెత్తగా విరిగితే లోపల తడి ఉన్నట్టు. ఆ చెవే మాకు అన్నం పెట్టేది.

తొంభై నాలుగులో ఆ చెవికే నొప్పి పట్టుకుంది. అసలే షుగర్ మనిషి. మా వాడకట్టు ఆరెంపీ డాక్టరు చుక్కల మందిచ్చి "పది రోజులల్ల తక్కువైతది" అన్నాడు. పది రోజులకు చీము మొదలైంది. వాడి నోట్లో మన్ను పడ! షుగర్ ఎంతుందని ఒక్క మాట అడగలేదు.

నిజామాబాద్ తీసుకుపోయాను. అక్కడి చెవి డాక్టర్ "రేపు రాండ్రి. చీము పరీక్షకు పంపుదాం. ఏ క్రిమో తెలిస్తేనే ఏ మందో తెలుస్తది" అన్నాడు.

మర్నాడు బస్సెక్కే ముందు వేపాకు కాచిన నీళ్లతో, దూదితో చెవి లోపలంతా కడిగాను. ఆరెంపీ ఇచ్చిన చుక్కలు కూడా వేశాను. పెద్ద డాక్టర్ ముందు కంపు కొట్టే చెవితో మొగుణ్ణి కూర్చోబెడతానా?

పరీక్షలో ఏ క్రిమీ దొరకలేదు. ఇలాంటి చెవికి మామూలుగా పట్టే క్రిమికే డాక్టర్ నెల రోజులు సూదులిచ్చాడు. నెల తిరిగేసరికి మా ఆయన మూతి ఒక పక్కకు వంగిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"మందిస్తున్నరా, పానం తీస్తున్నరా?" అని దవాఖాన అదిరేలా అరిచాను.

డాక్టర్ మత్తిచ్చి చెవి లోపల నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఈసారి దొరికింది. బూజు.

"ఇది వేరే జాతి అమ్మా. గా సూదులు దీన్ని ఏం జెయ్యలేవు. పుర్రె బొక్కల దాకా పాకింది. మొదటి పరీక్షలనే దొరకాలె. చెవి కడిగి తెచ్చిండ్రా?"

మా ఆయన నా వైపు చూశాడు. వంకర మూతితోనే "నేనే కడుక్కున్న సారూ" అన్నాడు.

బూజు మందుతో ప్రాణం దక్కింది. కుడి చెవికి వినికిడి పోయింది. తడిసిన పసుపుకు బూజు పడితే ఆమడ దూరం నుంచే పసిగట్టే మనిషి, చెవిలో బూజుతో నెల రోజులు తిరిగాడు. నా వల్ల! ఇంటికొచ్చాకైనా తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అదే నన్ను కాల్చుకు తింటోంది.

ఇప్పుడు కొమ్మును ఎడమ చెవి దగ్గర విరుస్తాడు. నేను కుడి పక్కన కూర్చుని "ఒక్క తిట్టన్న తిట్టరాదయ్యా నన్ను" అని మెల్లగా అంటాను.

ఆయనకు వినబడదు.