హెస్టర్ కడిగిన డబ్బా

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ సంగతి ఎవరికీ చెప్పనని హెస్టర్‌కు ఒట్టేశాను. ఒట్టు తప్పాను. ఏ తప్పూ చేయనివాళ్ళ కథలు చదివి చదివి నాకు విసుగొచ్చింది మరి.

యార్క్‌షైర్ కొండ పక్కన, బొమ్మ రైళ్ళ సంఘం వాళ్ళ పట్టాల దగ్గర, అక్టోబరులో ఓ ఆదివారం పొద్దున జరిగిందిది. బొమ్మ అంటే ఆడుకునే బొమ్మ కాదు. హెస్టర్ ఇంజనును నిలువునా నిలబెడితే ఆమె భుజం దాకా వస్తుంది. నిజం బొగ్గు, నిజం ఆవిరి, వెనక ఎనిమిదిమందిని కూర్చోబెట్టుకుని లాగేస్తుంది. లాగాలి, అంటే. నాలుగు చలికాలాలు గరాజులో కూర్చుని ఒక్కో ముక్కా చేసుకుంది. ఇక మిగిలింది బాయిలర్ పరీక్షించే గ్లెడ్‌హిల్‌గారి సంతకం ఒక్కటే. ఆయన రెండింటికి వెళ్ళిపోతాడు, మళ్ళీ వచ్చేది ఏప్రిల్‌లోనే.

పదకొండున్నరకు ఆవిరి ఒత్తిడి ఎనభై పౌన్లకు ఎక్కింది. గ్లెడ్‌హిల్ చూస్తుండగా హెస్టర్ మీట లాగింది. ఇంజను ముందుకు కదలడానికి బదులు పొగగొట్టంలోంచి నల్లటి జిడ్డు నీళ్ళు భళ్ళున కక్కింది. ఆ నీళ్ళు తిన్నగా ఆమె నోట్లోకే వెళ్ళాయి. మాడిన నూనె, మసి, తుప్పు, మూడూ కలిసిన రుచి. ఉమ్మేసినా పోలేదు. చేతి తొడుగుతో నాలుక తుడుచుకుంది. తొడుగు అంతకన్నా అసహ్యంగా ఉంది.

"వాల్వులు తప్పు పెట్టుంటావు అమ్మాయ్," అన్నాడు డెరెక్. ఇరవై ఏళ్ళుగా సంఘంలో ఉన్న పెద్దాయన. ఎవరి ఇంజను ఆగినా ఆయన మాట అదే.

"వాల్వులు తప్పైతే కుంటుతుంది డెరెక్, కక్కదు."

"మరి నీళ్ళెక్కువ పోశావేమో."

నీళ్ళు తగ్గించింది. సిలిండర్ల అడుగున మరలు తెరిచి, లోపల చేరిన నీళ్ళు వదిలింది. మళ్ళీ మీట లాగింది. మళ్ళీ కక్కింది. ఈసారి డెరెక్ బూట్ల మీద.

గ్లెడ్‌హిల్ వంగి, బాయిలర్ వెనకున్న గాజు గొట్టం చూశాడు. లోపల నీటిమట్టం గీతలా కనబడాలి. బీరు గ్లాసు మీద పొంగులా తెల్లగా నురగ మాత్రమే ఉంది.

"నీళ్ళెంతున్నాయో తెలియకుండా సంతకం పెట్టను తల్లీ."

"మీ పీపా నీళ్ళే అలాంటివి!" హెస్టర్‌కు మండిపోయింది. ఇక్కడి కుళాయి నీళ్ళు బాయిలర్లో సున్నం కడతాయని, సంఘం వాళ్ళంతా పైకప్పు మీద పడ్డ వాన నీళ్ళే పీపాలో పట్టి వాడతారు. "పాచి, పావురాల రెట్ట! తలుచుకుంటేనే వాంతొస్తోంది."

"ఇరవై ఏళ్ళుగా అవే నీళ్ళు పోస్తున్నా," డెరెక్ మూతి ముడుచుకున్నాడు. "నా ఇంజనుకు ఏ రోగమూ రాలేదు." ఆ మాటంటూనే పీపా పక్కన, అందరూ నీళ్ళు పట్టుకునే డబ్బా ఎత్తి, తన ఇంజను తొట్టిలోకి వంచేశాడు. అప్పటికే ఆయన రైలెక్కడానికి పిల్లాపెద్దా వరుసలో నిలబడ్డారు.

గ్లెడ్‌హిల్ హెస్టర్ తొట్టిలో వేలు ముంచాడు, రెండు వేళ్ళ మధ్య రాశాడు, వాసన చూశాడు.

"నిమ్మకాయ."

"మా పావురాలు నిమ్మకాయలు తినవే!" అన్నాడు డెరెక్. వెంటనే టీ పోసే గది కిటికీ వైపు తిరిగి అరిచాడు. "మౌరీన్! గిన్నెల సబ్బు ఈ డబ్బాకు తగిలించావా? నీళ్ళ డబ్బా జోలికి పోవద్దని పోయినేడూ చెప్పానా లేదా?"

మౌరీన్ చేతిలో కెటిల్‌తో బిత్తరపోయి చూసింది.

హెస్టర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున అందరికన్నా ముందు వచ్చింది. డబ్బా మూతికి పచ్చటి జిగట, లోపల చచ్చి ఉబ్బిన నత్త. ఛీ అనుకుని టీగదిలోకి తీసుకెళ్ళి, సబ్బు పోసి తోమింది. నురగంతా పోయిందనుకుంది. ఆ డబ్బాను వాన నీళ్ళతో తప్ప కడగకూడదని అక్కడ ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, ఎందుకంటే దాన్ని కడగాలని ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు.

ఊరుకుంటే సరిపోయేది. సబ్బు చుక్కతో ఇంజను నురగలు కక్కిందని ఈ మగాళ్ళకు తెలిస్తే పదేళ్ళు నవ్వుతారు.

"మౌరీన్ కాదు. నేనే తోమాను," అంది. "డెరెక్, మీ ఇంజనులోంచి నిప్పు కిందికి దించేయండి. మీదీ కక్కుతుంది."

డెరెక్ వరుసలో ఉన్న జనాన్ని చూశాడు, తన తొట్టిని చూశాడు. ఒక బూతు మింగి, నిప్పు దించేశాడు.

"బాయిలర్ చల్లారనిచ్చి, మూడుసార్లు నింపి వంపాలి," అన్నాడు గ్లెడ్‌హిల్. "వేడి రాగి మీద చన్నీళ్ళు పోశావంటే అతుకులు ఊడతాయి. రెండింటిలోపు అయ్యే పని కాదు."

"తెలుసు."

ఆయన సంతకం పెట్టని కారణం పుస్తకంలో రాసుకుని, రెండింటికి వెళ్ళిపోయాడు.

నాలుగింటికి హెస్టర్ మళ్ళీ నిప్పు పెట్టింది. గాజు గొట్టంలో నీళ్ళు సన్నటి గీతలా నిలబడ్డాయి. డెరెక్ వచ్చి తొంగి చూశాడు.

"శుభ్రంగా ఉంది."

"ఆ మాట నా దగ్గర అనకండి."

సంతకం లేని ఇంజను పట్టాల మీద తిరగకూడదు. అందుకే దిమ్మల మీద ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటూ ఆవిరి ఊదింది. హెస్టర్ మాత్రం బల్ల మీద కూర్చుని మౌరీన్ పోసిన టీ తాగింది. అదీ నూనె రుచే.

మరి మీరో? శుభ్రం చేయబోయి దేన్ని నాశనం చేశారు? దాచుకోకుండా రాయండి. హెస్టర్‌కు చదివి వినిపించాలి, అప్పుడైనా నాతో మళ్ళీ మాట్లాడుతుందేమో.