హేమప్రియ చదివిన పేజీ

వేణుగోపాల్ ఆ కారు కొన్నది తొంభై తొమ్మిదిలో. వేలూరు బిల్డింగ్ కాంట్రాక్టర్లలో జపాన్ కంపెనీ కారు ఎక్కిన మొదటివాడు ఆయనే. తలుపు మెత్తగా పడుతుందని మురిసిపోయి, ఎవరైనా చూస్తుంటే రెండుసార్లు తీసి వేసేవాడు. కారుతో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని మాత్రం తెరవలేదు. ఆ పని కాలేజీలో చదివే కూతురు హేమప్రియది.

ఒక శనివారం ఆయన గుడియాత్తంలో కట్టిస్తున్న కల్యాణ మండపం చూడటానికి బయలుదేరితే, మేనత్తను చూసి వస్తానని హేమప్రియ కూడా కారెక్కింది. దారిలో మీటర్ల మధ్య పసుపు దీపం ఒకటి వెలిగింది. అది ఆయిల్ మార్చమని గుర్తు చేసే దీపమని ఆమే పుస్తకం చూసి చెప్పింది.

గుడియాత్తం బస్టాండు వెనక అంకప్ప మెకానిక్ షెడ్డు ఉంది. పన్నెండేళ్లుగా వేణుగోపాల్ లారీలన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. శబ్దం విని ఇంజన్ జబ్బు చెప్పగల మనిషి. సాయంత్రం పాత ఆయిల్ దించి, కొత్తది పోసి, కొలిచే కడ్డీ తుడిచి ముంచి చూపించాడు. తేనె రంగులో మెరిసింది.

తిరుగుదారిలో పళ్లికొండ దగ్గర వేణుగోపాల్ గమనించాడు. దీపం ఆరలేదు.

"నన్నే మోసం చేస్తాడా వీడు!" అని కారు వెనక్కి తిప్పాడు.

వెనక సీట్లో హేమప్రియ పుస్తకం తెరిచింది. షెడ్డు చేరేలోపే ఆ పేజీ దొరికింది. దీపం ఆయిల్‌ను చూడదు, నడిచిన కిలోమీటర్లను లెక్కపెడుతుంది. ఆయిల్ మార్చినవాళ్లే దాన్ని ఆర్పాలి. మీటరు కింద ఉన్న బటన్ నొక్కి పట్టుకుని, తాళం తిప్పి, పది సెకన్లు ఆగితే చాలు.

వేణుగోపాల్ దిగీ దిగగానే అరిచాడు. టీ అంగడి ముందు కూర్చున్నవాళ్లు లేచి వచ్చారు. ఆయన మండపం దగ్గర పనిచేసే మేస్త్రీలు కూడా వాళ్లలో ఉన్నారు.

"కొత్త ఆయిలే పోసినాను సామీ. మీ కళ్ల ముందరే గదా పోసినాను," అన్నాడు అంకప్ప.

"అయితే కారు అబద్ధం చెప్తా ఉండాదా? జపానోడు చేసిన కారు అబద్ధం, నీ డబ్బా నిజమా?"

"ఆ దీపం సంగతి నాకు తెలీదు సామీ. ఆయిల్ సంగతి తెలుసు."

"తెలుసు గదా. విప్పు. మళ్లీ దించు. అందరూ చూడనీ."

"ఇప్పుడేనా? ఇంజన్ కాలిపోతా ఉండాది. ఒక అర్ధగంట ఆరనీండి."

"ఆరేలోపల ఇంకేం మాయ చేస్తావో. ఇప్పుడే విప్పు."

హేమప్రియ అద్దం దించింది. "నాయనా, పుస్తకంలో..."

"పది మంది ముందర నాకు పాఠం చెప్తావా?"

తాళం కారుకే ఉంది. సీట్ల మధ్య నుంచి వంగితే బటన్ అందుతుంది. పది సెకన్ల పని. కానీ తండ్రిది తప్పని ఇక్కడ తేలితే, ఆ కోపం ఇంటికి వచ్చి తన మీద పడుతుంది. కాలేజీ మాన్పించినా మాన్పిస్తాడు. అంకప్ప మీద పడితే ఇక్కడితో అయిపోతుంది. ఆమె ఈ లెక్క వేసుకుని, పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

అంకప్ప కారు కిందికి దూరాడు. నట్టు ఊడగానే సలసల కాగే ఆయిల్ చెయ్యి మీద పడింది. ఆయన కేక కారు కింద నుంచి వచ్చింది. మేస్త్రీలు కాళ్లు పట్టి బయటికి లాగారు. పళ్లెంలో పడిన ఆయిల్‌కు ఎక్కడా నలుపు లేదు. అందరూ చూశారు. వేణుగోపాల్ కూడా చూశాడు.

"అయితే ఇంజనే చెడగొట్టినావు," అన్నాడు.

వేరే వాడి చేత మళ్లీ ఆయిల్ పోయించుకుని వెళ్లిపోయాడు.

ఇంటి దగ్గర, ఆయన కాళ్లు కడుక్కునే వేళ, హేమప్రియ బటన్ నొక్కింది. దీపం ఆరిపోయింది. తండ్రిని పిలిచి చూపించింది. ఆయన మీటర్ల వంక చూసి, "ఇది ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

"ఎవరికీ తెలీదు నాయనా."

"తెలియనీబాక."

సోమవారం నుంచి సైట్లలో ఒకటే మాట. అంకప్ప చెడగొట్టిన కారును వేలూరులో బాగుచేశారట. లారీలవాళ్లు ఒక్కొక్కరే వేరే షెడ్డు చూసుకున్నారు.

మూడు వారాలకు హేమప్రియ బస్సులో గుడియాత్తం వెళ్లింది. షెడ్డులో బండ్లు లేవు. అంకప్ప కుడిచేతి వేళ్లు రెండు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. భార్య తంగమ్మ స్టూలు తుడిచి వేసింది. హేమప్రియ బటన్ సంగతి చెప్పింది.

అంకప్ప కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. "విన్నావా తంగమ్మా? నాది తప్పు లేదంట. యాడ తప్పినానో అని దినమూ తల బద్దలు కొట్టుకుంటి గదా." తర్వాత హేమప్రియ వైపు తిరిగాడు. "నీకెప్పుడు తెలిసింది పాపా?"

"మొన్ననే."

"బంగారు తల్లివి. ఇంత దూరం వచ్చి చెప్పినావు. ఒక్క మాట, మీ నాయనను మేస్త్రీల దగ్గర చెప్పమను. నాకింకేమీ వద్దు."

చెప్పిస్తానని హేమప్రియ మాట ఇచ్చింది. తంగమ్మ బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించింది.

ఆమె తండ్రితో ఆ ఊసే ఎత్తలేదు. ఆడి నెల వచ్చేసరికి అంకప్ప షెడ్డు ఖాళీ చేసి నాట్రంపల్లి వెళ్లి, ఎవరి దగ్గరో లారీలు కడిగే పనికి కుదిరాడు. ఆ సంగతి ఆమెకు మేనత్త చెప్పింది, అన్నం వడ్డిస్తూ.

"ఆయిల్ పొయ్యడం గూడా రానోడంట గదే వాడు?"

"అంట అత్తా," అంది హేమప్రియ.