మొదటి వరుస, నాలుగో గొడుగు

పుంతా మిర్తో ఊళ్ళో నెరీనా బీచ్‌కి అయిదు వరుసల గొడుగులు. ఏ గొడుగు కింద ఏ కుటుంబం కూర్చోవాలో యజమాని జెరోలమో వాళ్ళ తాతగారి కాలంలోనే ఖాయమైపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు అయిదో వరుసలో, షవర్ల పక్కన మొదలుపెట్టాలి. ముందు వరుసలో ఎవరైనా కన్నుమూస్తేనో, కాలు విరిగి మంచాన పడితేనో వెనకవాళ్ళు ఒక వరుస ముందుకు జరుగుతారు. డబ్బు ఎంతిస్తానన్నా జెరోలమో ఈ లెక్క తప్పడు. అందరూ పెద్దమనుషులే కాబట్టి దీని గురించి పైకి మాట్లాడరు.

ఎర్సీలియా ఇరవై ఆరు ఆగస్టు నెలల్లో అయిదో వరుస నుంచి రెండో వరుసకి చేరింది. తూరిన్‌లో నలభై ఏళ్ళు పెళ్ళిబట్టలు కుట్టిన మనిషి. సూదిలో దారం ఎక్కించడానికి ఈనాటికీ కళ్ళజోడు అక్కర్లేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ చెబుతుంది, అడగనివాళ్ళకీ చెబుతుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆవిడ గొడుగుకి సరిగ్గా ముందు, మొదటి వరుసలో నాలుగో గొడుగు ఒత్తావియాది. మిలాన్‌లో బడిపంతులమ్మగా చేసి రిటైరైన ఒత్తావియా ఈమె కంటే పదేళ్ళు పెద్ద. ఆగస్టంతా ఇద్దరూ కలిసి ఈదుతారు, పేకాడతారు, అంజూరపళ్ళు పంచుకుంటారు, బీచ్‌లో ఉన్నవాళ్ళందరినీ చెరిగి పోస్తారు. మిగతా పదకొండు నెలలూ క్రిస్మస్‌కి ఒక కార్డు, అంతే. అయినా ఎర్సీలియాకి ఈ లోకంలో స్నేహితురాలంటూ ఉంటే అది ఒత్తావియానే.

ఈ ఏడు ఆగస్టు ఒకటిన నాలుగో గొడుగు మూసే ఉంది. రెండున కూడా అంతే. ఎర్సీలియా కాలు నిలవక జెరోలమో దగ్గరికి వెళ్ళింది.

"ఒత్తావియా రాలేదేం?"

"కాస్త ఆలస్యమవుతుందన్నారు సిన్యోరా. రేపో ఎల్లుండో ఫోన్ చేస్తానన్నారు."

"అసలు రాకపోతేనో?"

జెరోలమో గొంతు తగ్గించాడు. "రాకపోతే తరవాత మీరే కదండీ. నాకు గుర్తుంది."

"ఛీ ఛీ, నేను అందుకడగలేదు," అంది ఎర్సీలియా. అందుకు కూడా అడిగింది.

నాలుగో తారీకున ఒత్తావియా వచ్చింది. మొహంలో సగం కప్పేసే నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. పక్కన ఒక మగమనిషి. యాభై ఏళ్ళుంటాయి, వెడల్పాటి భుజాలు, శుభ్రంగా కత్తిరించిన గోళ్ళు. ఎర్సీలియా ఎదురుగా వెళ్ళి చేతులు చాచి నిలబడింది. ఒత్తావియా పట్టించుకోకుండా గొడుగు వైపు నడిచిపోతోంది.

"ఏమ్మా, మేం కనబడటం లేదా?"

"ఎర్సీలియా! నువ్వా!" ఒత్తావియా గబుక్కున తిరిగి ఆవిడని గట్టిగా వాటేసుకుంది. "ఇతను రుజ్జేరో. మా ఆయన మేనల్లుడు. జెనోవాలో ఉంటాడు."

ఎర్సీలియాకి అక్కడే ఎక్కడో కాలింది. ఒత్తావియా మొగుడికి పొత్తికడుపులో ఎన్ని కుట్లు పడ్డాయో కూడా ఆవిడకి తెలుసు. ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ మాటల్లోకైనా రాని మేనల్లుడు ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడ్డాడు?

ఇక ఆ రోజు నుంచి ఆవిడ చూపు సముద్రం మీద నిలిస్తే ఒట్టు. చూసినకొద్దీ అనుమానం ముదిరింది. మధ్యాహ్నం పేక తీస్తే, "ఈ ఏడు విసుగొచ్చిందే, వద్దులే," అంది ఒత్తావియా. పేకంటే ప్రాణం పెట్టే మనిషి! భోజనానికి కూర్చుంటే మెనూ అతనే చదువుతాడు, ఏం తినాలో అతనే చెబుతాడు, చేపలో ముళ్ళు అతనే తీసి పెడతాడు. ఫోన్ మోగితే అతనే ఎత్తుతాడు. ఈతకి వెళ్తే ముందు తను ఈదుతూ గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెబుతాడు. నీళ్ళలో కూడా ఆవిణ్ణి ఒక్క నిమిషం ఒంటరిగా వదలడు. నయానో భయానో మనిషిని గుప్పిట్లో పెట్టుకున్నాడని ఎర్సీలియా తేల్చేసుకుంది. మిలాన్‌లో ఒత్తావియాకి మూడు గదుల సొంత ఇల్లుంది. వాడి కన్ను దాని మీద కాకపోతే ఇంకెక్కడ?

దొంగ పట్టుబడింది ఫలహారం దగ్గర. నూనె ఓడే ఉప్పురొట్టె ఫొకాచ్చాని జెనోవాలో పుట్టినవాడు తలకిందులుగా తిప్పి తింటాడు, ఉప్పురాళ్ళు ముందు నాలుక్కి తగలాలి. పొద్దుటి పూటైతే పాలకాఫీలో ముంచుకుని మరీ తింటాడు. ఎర్సీలియా తల్లి జెనోవా మనిషే. కాఫీ మీద నూనెచుక్కలు తేలకపోతే ఆ తల్లికి తెల్లారేది కాదు. రుజ్జేరో మాత్రం రొట్టెని తిప్పకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే పట్టుకుని కొరికాడు. పక్క టేబుల్ ముసలాయన తన ముక్కని కాఫీలో ముంచుతుంటే చూసి మొహం చిట్లించాడు.

"మీరు ముంచుకోరా?" తేనె పూసినట్టు అడిగింది ఎర్సీలియా.

"కాఫీలోనా? ఉప్పురొట్టెనా?" అతను నవ్వాడు. "కడుపులో తిప్పేస్తుందండీ."

"జెనోవాలో ఎక్కడుంటారు?"

"పోర్టు దగ్గర."

"పోర్టు దగ్గరంటే సగం ఊరు. ఏ వీధి?"

అతను ఒత్తావియా కప్పులో చక్కెర వేస్తూ ఉండిపోయాడు. ఒత్తావియా కల్పించుకుని, "వాణ్ణి తిననివ్వవే," అంది. ఆ గొంతులో బెదురు ఎర్సీలియా చెవిన పడింది. ఆ బెదురు తన వల్ల అని మాత్రం తట్టలేదు.

పన్నెండో తారీకు సాయంత్రం వాళ్ళిద్దరూ లైట్‌హౌస్ దారి పట్టారు. ద్రాక్షతోటల గట్ల మీదుగా కొండ అంచునే వెళ్ళే కాలిబాట అది, మేకైనా ఆలోచించి అడుగేస్తుంది. ఎర్సీలియా మోకాళ్ళని తిట్టుకుంటూ యాభై అడుగుల వెనకే నడిచింది, వాళ్ళు ఆగినప్పుడల్లా పొదల చాటున నక్కింది. ఒత్తావియా చెయ్యి అతని మోచేతి మీద ఉంది. అతను చెవి దగ్గర ఏదో గొణుగుతున్నాడు. గాలి ఇటు తిరిగినప్పుడు మాటలు వినిపించాయి.

"అడుగు... ఇంకో అడుగు... ఆగండి. ఎడమ పక్కంతా లోయే."

"ఎంత లోతుంటుంది?"

"అరవై మీటర్లు."

"ఇంకాస్త అంచుకి తీసుకెళ్ళు," అంటోంది ఒత్తావియా.

ఎర్సీలియాకి ఇక అనుమానం లేకపోయింది. మనిషికి మందేదో పెట్టాడు! ఈవేళ అలవాటు చేస్తున్నాడు, రేపు తోసేస్తాడు! పొదలోంచి గట్టిగా దగ్గింది. అతను ఠక్కున ఒత్తావియాని వెనక్కి లాగాడు. చూశావా, మనిషి అలికిడి వింటే ఎలా జడుసుకున్నాడో అనుకుంది ఎర్సీలియా. నాలుగు గోడల మధ్య అడిగితే వాడు తప్పించుకుంటాడు. పదిమందిలో నిలదీయాలి.

ఆగస్టు పదిహేను, మేరీమాత పండగ భోజనం నెరీనా బీచ్‌లో అందరికీ ఒకే బల్ల మీద. జెరోలమో భార్య పొద్దుటి నుంచీ నెత్తళ్ళ కడుపులో జున్నూ రొట్టెపొడీ కూరి వేయిస్తోంది. తులసి పచ్చడి కలిపిన సేమ్యా గిన్నెలు చేతులు మారుతున్నాయి. ఫొకాచ్చా పళ్ళెం రాగానే ఎర్సీలియా లేచి నిలబడి గ్లాసు మీద చెంచాతో కొట్టింది. పాట పాడుతుందనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు.

"రుజ్జేరో గారూ, ఈ ముక్క తీసుకోండి. జెనోవావాళ్ళు ఎలా తింటారో అందరికీ ఒకసారి చూపించండి."

అతను ముక్క అందుకోలేదు. ఒత్తావియా వైపు చూశాడు.

"ఆవిడ వైపు చూస్తారేం? నన్ను చూసి చెప్పండి. మీది జెనోవానేనా?"

"కాదు సిన్యోరా. ఫెరారా."

"మేనల్లుడివేనా?"

"కాదు."

"విన్నారా! అందరూ విన్నారా!" ఎర్సీలియా గొంతు బీచ్ ఆ చివరికి వినిపించింది. "ముసలిదాన్ని పట్టుకుని వీడు ఆడుతున్న నాటకం! పేకాడనివ్వడు, తనంతట తను తిననివ్వడు, కొండ అంచున నిలబెట్టి లోయ లోతు లెక్క చెబుతాడు! ఒత్తావియా, భయపడకు, ఇంతమందిమి ఉన్నాం. వీడు నిన్నేం చేస్తున్నాడో చెప్పు!"

"కూర్చో ఎర్సీలియా," అంది ఒత్తావియా.

"కూర్చోను!"

"మేనల్లుడని చెప్పమన్నది నేనే. అతనికి నేను జీతం ఇస్తున్నాను. చూపు పోయినవాళ్ళని నడిపించడం అతని ఉద్యోగం."

ఎర్సీలియా చెంచా బల్ల మీద పెట్టింది.

"చూపు పోవడమేంటి? ఎవరికి?"

"డిసెంబర్లో కుడి కన్ను, ఈస్టర్ ముందు ఎడమది. నీడలు తెలుస్తాయి. నువ్వు నిలబడ్డావని తెలుస్తోంది, నీ మొహం తెలీదు." ఒత్తావియా మాట తడబడలేదు. "అతను రొట్టె ఏ వైపు తింటాడో కనిపెట్టావు. పదకొండు రోజులు నా వెనకే కూర్చున్నావు కదే."

నాలుగో తారీకున చాచిన తన చేతులు, పక్కన పెట్టేసిన పేక, నీళ్ళలో అతని కబుర్లు, లోయ అంచున లెక్కపెట్టిన అడుగులు అన్నీ ఒక్కసారి ఎర్సీలియా మీద పడ్డాయి. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"నాకెందుకు చెప్పలేదు?" అంది చివరికి, చిన్నగా.

"నీకా?" ఒత్తావియా నాప్కిన్ మడత పెట్టింది. "నేను రాకపోతే నా చోటు సంగతేంటని అడిగావట. ఫోన్లో జెరోలమో అన్నాడు, పాపం, మంచికే. చూపులేనిదానికి మొదటి వరుస ఎందుకని ముందు అడిగేది వెనక కూర్చున్నవాళ్ళే కదా. నువ్వడిగితే నేను తట్టుకోలేననిపించింది. అందుకని దాచాను."

జెరోలమో తన పళ్ళెంలోకి చూసుకుంటూ ఉండిపోయాడు. తను అలాంటిది కాదని అరిచి చెప్పాలనుకుంది ఎర్సీలియా. అందులో ఆవగింజంత నిజముంది కాబట్టి కుర్చీలో కూర్చుంది.

ఆ తరవాత అందరూ మంచివాళ్ళైపోయారు. అదే ఘోరం. ముప్ఫయ్యేళ్ళుగా ఒత్తావియాతో పోట్లాడుతున్నవాళ్ళు కూడా వరసగా వచ్చి చెయ్యి నిమిరారు. చెవిటిదానితో మాట్లాడినట్టు గట్టిగా, నిదానంగా పలకరించారు. ఆవిడ అక్కడే ఉండగా, "రాత్రి నిద్ర పడుతుందా ఆవిడకి?" అని రుజ్జేరోని అడిగారు. మర్నాడు జెరోలమో చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"సిన్యోరా, అయిదో వరుసలో ఒక గొడుగు ఖాళీ చేయించాను. మెట్లుండవు, షవర్లు పక్కనే. మీకు సుఖంగా ఉంటుంది."

"అలాగే నాయనా," అంది ఒత్తావియా.

ఆ 'అలాగే' ఎర్సీలియాకి నచ్చలేదు. తన ఎరికలో ఒత్తావియా ఎవరికీ అంత తేలిగ్గా అలాగే అనలేదు. జెరోలమోని పక్కకి లాగి, "అక్కణ్ణించి ఎందుకు కదుపుతావయ్యా ఆవిణ్ణి?" అని మండిపడింది.

"ఆవిడే ఒప్పుకున్నారు కదండీ. అంతదూరం నడవడం కష్టం. రేపు పడితే నా పీకకి చుట్టుకుంటుంది."

సాయంత్రం ఎర్సీలియా అంజూరపళ్ళు కడిగి అయిదో వరుసకి తీసుకెళ్ళింది. షవర్ల కింద పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఒత్తావియా పండు తీసుకుంది కానీ తినలేదు.

"తప్పయిపోయింది ఒత్తావియా. నిన్ను ఎవరో ఏదో చేసేస్తారని నా భయం. నువ్వు తప్ప నాకెవరున్నారు?"

"తెలుసు."

"కోపమా?"

"కోపం లేదు. అలిసిపోయాను." ఒత్తావియా పండుని వేళ్ళ మధ్య తిప్పింది. "ముందు వరుసలో అల వచ్చి విరగడం, గులకరాళ్ళని ఈడ్చుకుంటూ వెనక్కి పోవడం తెలిసేది. అది చాల్లే అనుకుని వచ్చాను, కొండ అంచుకి వెళ్ళిందీ దానికే. ఇక్కడికి సముద్రం వినపడదే."

మర్నాడు తొమ్మిది గంటల రైలుకి వెళ్ళిపోయింది. ఎర్సీలియా స్టేషన్‌కి వెళ్ళింది. సంచి మోస్తానంటే రుజ్జేరో మర్యాదగా ఇచ్చాడు. "వచ్చే ఏడాది రా, నేనే నడిపిస్తాను," అంది ఎర్సీలియా. ఒత్తావియా ఆవిడ చెంప తడిమి చూసి రైలెక్కింది.

బీచ్‌కి తిరిగొచ్చేసరికి నాలుగో గొడుగు తెరిచి ఉంది. దాని కాడకి కట్టిన చెక్కపలక మీద ఎర్సీలియా పేరు, రంగు తడి ఇంకా ఆరలేదు.

"నాకొద్దు," అంది జెరోలమోతో.

"మీరొద్దంటే మీ వెనకావిడకి ఇవ్వాలి సిన్యోరా. వరుస వరుసే."

ఆ చోట్లో ఇంకెవరో కాళ్ళు బారజాపుకుని కూర్చుంటే చూడలేననుకుంది. తనకి తను చెప్పుకున్న కారణం అదే. వెళ్ళి కూర్చుంది. ముందు అడ్డమేమీ లేదు. అల పాదాల దాకా వచ్చి పోతోంది. ఇరవై ఆరేళ్ళు కోరుకున్న చోటు, ఒక్క నిమిషమైనా సుఖంగా అనిపించలేదు.

వెనక చప్పుడైంది. మూడో వరుస నుంచి రెండో వరుసకి జరిగిన కూనియో ఊరి ఆవిడ కుర్చీ సర్దుకుంటోంది. నలభై అయిదుంటాయేమో, మంచి ఆరోగ్యంగా ఉంది. కాసేపటికి పళ్ళెంలో పుచ్చకాయ ముక్కలు పెట్టుకుని వచ్చి ఎర్సీలియా పక్కన గొంతుక్కూర్చుంది.

"చల్లగా ఉంది, తినండి. మీకెన్నేళ్ళండీ?"

"అరవై తొమ్మిది."

"అబ్బే, అలా కనిపించరు!" ఆవిడ ఎర్సీలియా వాచిన మోకాళ్ళ వైపు చూసి, తియ్యగా నవ్వి అడిగింది. "ఆరోగ్యం అదీ బాగానే ఉంటుందా?"