పెళ్లి కాని తల

చేవెళ్ల మిషన్ దవాఖానలో తలుపులు తెరిచే ముందు రోజూ ప్రార్థన జరుగుతుంది. ఆడవాళ్లంతా కొంగు తలమీదికి లాక్కుంటారు. ఒక్క లేయా మాత్రం ఉత్త తలతోనే నిలబడుతుంది.

లేయా యూదుల పిల్ల. జర్మనీలో తనవాళ్లను తరుముతుంటే పారిపోయి వచ్చి, రెండేళ్లుగా ఇక్కడ నర్సుగా పనిచేస్తోంది. ఇప్పుడు యుద్ధం. జర్మనీ నుంచి వచ్చినవాళ్లను, యూదులైనా సరే, శత్రువులని సర్కారు పట్టుకుపోతోంది. ఆమె ఇంకా బయట ఉన్నదంటే దవాఖాన పెత్తనం చూసే సంఘ పెద్ద అబ్రహాము పూచీ ఇచ్చినందుకే. ఆ సంగతి ఆయన ఎవరినీ మరిచిపోనివ్వడు.

"నిన్ను చూసి సురంగల్ ఊరి సంఘంల పిల్లలు గూడ కొంగు తీస్తున్నరు. రేపు ప్రార్థనకు తల కప్పుకొని రా. లేకుంటె పూచీ వాపస్ తీసుకుంట" అన్నాడు ఒకరోజు లేయాతో.

మంత్రసాని ప్రేమమ్మకు ఒళ్లు మండింది, అదీ లేయా మీదే. "జానెడు గుడ్డకు గింత పంతమా బిడ్డా? జైల్ల పడ్తవా?"

లేయా తెలుగు నేర్చింది ప్రేమమ్మ దగ్గరే. "మా దాంట్ల పెండ్లయినోళ్లే కప్పుకుంటరవ్వా. నాకు కాలే. దావీదుతోని మాటయింది. జర్మనీలనే చిక్కుకున్నడు. బతికున్నడో లేడో. ఆయన వచ్చినంక, పెండ్లయినంక కప్పుకుంట."

ప్రేమమ్మ ఆమె తల నిమిరింది.

తెల్లారి లేయా తలకు తెల్లగుడ్డ కట్టుకుని వచ్చింది. అబ్రహాము "దేవునికి స్తోత్రం" అన్నాడు. ఎంత సంబరమో ఆ మొహంలో!

"ఎందుకు కట్టుకున్నవే?" అని ప్రేమమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"జైలంటె భయమైంది. దావీదు ఇగ రాడనుకున్న."

అంతే, ప్రేమమ్మ అందరి ముందే ఆ ముడి విప్పేసింది. అబ్రహాము గద్దించాడు. ఆమె వెనక్కి తగ్గలేదు.

"అబ్రహామన్నా, వీళ్ల దాంట్ల తలగుడ్డ మన పుస్తె లెక్క, పెండ్లయినోళ్లకే. నీ బిడ్డ మేరీకి ఇంకా సంబంధమే కుదరలే. రేపు మెడల పుస్తె కట్టి తోల్కరా. అప్పుడు ఈ పిల్లకు నేనే గుడ్డ కడ్త."

దవాఖానలోనే పనిచేసే మేరీ మొదటి వరసలో ఉంది. ఆమె చెయ్యి తన ఉత్త మెడ మీదికి పోయింది. అబ్రహాము కూతురి వైపే చాలాసేపు చూశాడు.

"పూచీ ఉంటది. ఆ గుడ్డ అవతల పెట్టుండ్రి" అన్నాడు చివరికి, తలెత్తకుండా.

లేయా ప్రేమమ్మ భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. "అవ్వా, ఆయన వస్తడంటవా?"

"వస్తడు బిడ్డా" అన్నది ప్రేమమ్మ. తనకే నమ్మకం లేదు, అందుకే ఇంకా గట్టిగా అన్నది.