గోడ అవతలి గాలి

అతన్ని అందరూ గొట్టాల మేస్త్రి అనేవారు. సినిమా హాళ్ళకీ, హోటళ్ళకీ, నేలమాళిగల్లో పెట్టిన దుకాణాలకీ గాలి గొట్టాలు వేయడం అతని పని. ఏ గోడని ఎక్కడ కొయ్యాలో, ఏ కప్పు సందులోంచి రేకు గొట్టం దూరుతుందో చూడగానే చెప్పేవాడు. ఎండ మొహం ఎరగని గదుల్లోకి కూడా గాలి తెప్పిస్తాడని పేరు. అలాంటివాడి పడకగదికి కిటికీ లేదు.

తండ్రి పోయాక ఇల్లు రెండు ముక్కలైంది. నీళ్ళ మోటారు ఎవరు ముందు వేసుకోవాలన్న దగ్గర మొదలైన మాట పెరిగి పెరిగి నడిమి గోడ దాకా వచ్చింది. బస్సు డ్రైవరైన అన్నకి పెరటివైపు గదులు, మేస్త్రికి వీధివైపు గదులు. వీధి గదిలో కిటికీ తెరిస్తే ఎదురుగా కలప కోసే మిల్లు, పొద్దస్తమానం రంపపు పొట్టు. పడకగదికి ఒక పక్క నడిమి గోడ, రెండో పక్క పొరుగింటి గోడ. విడిపోయింది అన్నదమ్ములే గాని వాళ్ళు చేసుకున్నది సొంత అక్కచెల్లెళ్ళని. ఆడవాళ్ళు గేటు దగ్గర నిలబడి గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేవారు. మగవాళ్ళు మాత్రం ఎదురుపడితే గొంతు సవరించుకుని చెరో పక్కకీ తప్పుకునేవారు.

మేస్త్రి భార్యని పుట్టింట్లోనూ అత్తింట్లోనూ చిన్ని అనే పిలిచేవారు. మొదట మెట్లెక్కితే ఆయాసం అంది. తర్వాత మాట్లాడితే ఆయాసం అంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని డాక్టరమ్మ చెప్పింది.

"దీన్ని వెనక్కి తిప్పే మందు లేదండీ. ఉన్నన్నాళ్ళు కాస్త సుఖంగా ఊపిరి పీల్చుకునేలా చూడండి. దుమ్ము తగలకూడదు, చెమ్మ తగలకూడదు. మంచి గాలి ఆడే గదిలో పడుకోబెట్టండి" అంది.

మొదటి రెండు మాటలూ మేస్త్రి చెవిన పడ్డాయో లేదో గాని, ఆఖరి మాట మాత్రం అతని మనసులో నాటుకుపోయింది. జబ్బు సంగతి అతనికి తెలీదు. గాలి సంగతి తెలుసు.

ఆ సాయంత్రమే వెళ్ళి అన్న తలుపు తట్టాడు. గోడ లేచాక ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. పెరట్లోంచి గాలి పట్టుకుని, అన్న పడకగది కప్పు మీదుగా గొట్టం నడిపి, నడిమి గోడకి కన్నం పెట్టి చిన్ని గదిలోకి తేవాలి. వేరే దారి లేదు. అది చెప్పి తల వంచుకుని నిలబడ్డాడు.

అన్న పెళ్ళాం వంక చూశాడు. ఆ పడకగదికి ఈమధ్యనే ఫాల్స్ సీలింగ్ వేయించారు. వదినకి అదంటే ప్రాణం. వచ్చినవాళ్ళందరినీ లోపలికి పిలిచి మరీ చూపించేది.

"చిన్నిని ఇక్కడికే తెచ్చెయ్యవయ్యా. నా గదిలో, నా పక్కన పడుకుంటుంది" అంది వదిన.

"అడిగాను వదినా. వినడం లేదు. బావగారింట్లో మంచం పట్టి పడుకోనంటుంది. నా ఇంట్లో, నా మంచం మీదే ఉంటానంటుంది."

"మొండిఘటం. పుట్టినప్పట్నించీ అంతే" అంది వదిన. కళ్ళు తుడుచుకుని, తనే స్టూలు తెచ్చి మంచం పక్కన వేసింది. "ఎక్కడ కొయ్యాలో చూసుకో అబ్బాయ్. దానికి ఊపిరాడకపోతే నాకు ఈ సీలింగు ఎందుకు?"

కొయ్యడం మొదలుపెట్టేముందు చిన్నిని దుమ్ము తగలకుండా అక్క ఇంటి పెరటి వరండాలో మంచం వేసి పడుకోబెట్టారు. అన్న పడకగది తలుపులకి మేస్త్రి తడి దుప్పట్లు కట్టాడు. సీలింగు పలకని చదరంగా కోసి దించాడు. లోపలి చట్రాన్ని తప్పించి రేకు గొట్టాన్ని కొక్కేలకి వేలాడదీశాడు. తర్వాత నడిమి గోడ. ముందు సన్నటి బరమాతో బెజ్జం వేసి, అవతలి గదిలోకి వెళ్ళి ఎక్కడ తేలిందో చూసుకున్నాడు. చుట్టూ గీత గీసి కోత మెషిన్ పెట్టాడు. ఇటుక ఎర్రటి పొడై మీద పడింది. మెషిన్ ఆపి ఉలితో ముక్కలు రాలగొడుతుంటే, అవతలి వైపు నుంచి కూడా సుత్తి చప్పుడు వినపడింది. కన్నంలోంచి చూస్తే అన్న. డ్యూటీ బట్టలైనా మార్చకుండా ఆ పక్కనుంచి కొడుతున్నాడు.

"జాగ్రత్తరా, వేళ్ళు" అన్నాడు అన్న.

"నువ్వు సుత్తి కాస్త ఎత్తి పట్టుకో అన్నయ్యా. స్టీరింగు కాదది" అన్నాడు మేస్త్రి.

వరండాలో అక్కచెల్లెళ్ళు అది విని నవ్వారు. చిన్నికి నవ్వితే దగ్గొచ్చింది, అయినా నవ్వింది. ఇన్నాళ్ళకి గోడకి బుద్ధొచ్చిందంది. పని సాగినన్నాళ్ళూ నలుగురూ ఒకేచోట భోంచేశారు. ఆ ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్న రోజులంటే అవే.

పెరటి గోడకి ఫ్యాను, దానికి జాలీ బిగించి మీట నొక్కగానే చిన్ని మంచం మీద చల్లటి గాలి పడింది. ఆమె కళ్ళు మూసుకుని మొహం పైకెత్తింది. "అక్క ఆరేసిన బట్టల వాసన వస్తోందండీ" అంది. మేస్త్రి గాలి పడేచోట ఒక కాగితం ముక్క అంటించాడు. అది రెపరెపలాడుతుంటే అతని ప్రాణం కుదుటపడింది. కాగితం ఆడుతున్నంతకాలం చిన్నికేం కాదని ఒక నమ్మకం పెట్టుకున్నాడు. పైకి ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. చిన్ని గోడ పట్టుకుని వీధి గది దాకా నడిచేది. అక్క రోజూ వచ్చి తల దువ్వి, జడ వేసి వెళ్ళేది. వానలు పట్టుకున్నాక ఇద్దరిలోనూ మార్పొచ్చింది. చిన్ని మంచం దిగడం మానేసింది. అక్క రావడం తగ్గించింది. వచ్చినా గుమ్మంలోనే నిలబడి, మోకాళ్ళు నొప్పులనో, పొయ్యి మీద ఏదో ఉందనో చెప్పి వెళ్ళిపోయేది. మేస్త్రికి కష్టం తోచింది. జబ్బు మనిషి దగ్గర కూర్చోవడానికి సొంత అక్కకే విసుగొస్తే ఇక ఎవరిని ఏమనగలం అనుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం చిన్నికి నీళ్ళు పడుతూ యథాలాపంగా పైకి చూశాడు. కాగితం వేలాడుతోంది. చెయ్యి పెట్టి చూస్తే, గాలి తగిలీ తగలనట్టుంది. ఎప్పట్నుంచి ఇలా ఉంది? రోజూ చూసే కాగితాన్ని చూడటం ఎప్పుడు మానేశాడో అతనికే గుర్తు రాలేదు.

పెరట్లోకి పరుగెత్తాడు. ఫ్యాను తిరుగుతోంది. జాలీ శుభ్రంగానే ఉంది. అంటే అడ్డం మధ్యలో ఉంది. గొట్టం శుభ్రం చేసుకోవడానికి అన్న పడకగది సీలింగులో ఒక చిన్న మూత వదిలాడు, సరిగ్గా మంచానికి పైన. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళొచ్చిన అన్న ఆ మంచం మీదే నిద్రపోతున్నాడు. మేస్త్రి స్టూలెక్కి, సీలింగు మూత తీసి, గొట్టం మూత విప్పి చెయ్యి పెట్టాడు. మెత్తగా తగిలింది. లాగితే ఒక దిండు వచ్చింది. దాని వెనక ఇంకోటి.

రెండూ స్టూలు మీంచే అన్న మీద పడేశాడు. "నీ నిద్ర కోసం దాని గొంతు నొక్కావా?"

అన్న లేచి కూర్చున్నాడు. దిండ్లకేసీ తమ్ముడికేసీ చూశాడు. నిద్రమత్తులో అతనికి ఏదీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, గుమ్మం వైపు చూశాడు. అక్కడ వదిన నిలబడి ఉంది.

"ఆయన్ననకు అబ్బాయ్. నేనే" అంది.

మేస్త్రి స్టూలు మీదే ఆమె వైపు తిరిగాడు.

"గొట్టం నా తల మీదుగానే పోతుంది కదా. అది గాలొక్కటే మోస్తుందనుకున్నాం. నీ గదిలో ఎలా వినపడుతుందో నాకు తెలీదు. ఇక్కడ చిన్ని ప్రతి ఊపిరీ నా చెవిలో తీసినట్టుంటుంది. దగ్గు కాదు. దగ్గు ఆగాక గాలందక లాగుతుంది చూడు, అది. ఒకసారి లాగాక, మళ్ళీ లాగుతుందా, లేక ఇంతేనా అని నేను నా ఊపిరి బిగబట్టుకుని పడుకునేదాన్ని. చిన్నప్పుడు నా పక్కలోనే పెరిగింది. అది నిద్రలో ఎలా ఊపిరి తీస్తుందో నాకంటే ఎవరికి తెలుసు? ఒక్క రాత్రికని పెట్టాను. నిద్రపట్టింది. పొద్దున్నే తీసేద్దామనుకున్నా. తీస్తే మళ్ళీ వినాలి."

"గాలి ఆగిపోతుందని తెలీదా వదినా?"

"తెలుసు" అంది. గుమ్మం దాటి వచ్చి ఒక దిండు చేతిలోకి తీసుకుని, "సందుల్లోంచి ఎంతో కొంత పోతుందిలే అని సర్ది చెప్పుకున్నాను" అంది.

"ఎన్నాళ్ళైంది?"

"వానలు మొదలైనప్పట్నించీ."

మేస్త్రి మూత బిగించి, స్టూలు దిగి ఇంటికి వచ్చాడు. తిట్టడానికి కావలసిన మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. వదిన మొహం చూశాక అన్నీ వెనక్కి మింగేశాడు. కాగితం మళ్ళీ రెపరెపలాడుతోంది.

"గాలి బాగా వస్తోందండీ. ఏం చేశారు?" అంది చిన్ని.

"జాలీ పట్టేసింది. కడిగాను."

"అక్క కనపడిందా? నేనేమన్నా అన్నానేమో, రావట్లేదు."

"మోకాళ్ళ నొప్పులట. రేపు వస్తానంది."

మర్నాడు వదిన నిజంగానే వచ్చింది. వచ్చి మంచం మీద కూర్చుని చెల్లెలి వీపు మీద చెయ్యి వేసింది. ఆరోజు నుంచి తన ఇంటికి వండిపెట్టడానికి తప్ప వెళ్ళలేదు. దగ్గొచ్చినప్పుడల్లా వీపు రాస్తూ, దగ్గు ఆగాక వచ్చే ఆ చప్పుడంతా దగ్గరగా కూర్చుని విన్నది. చిన్నికి ఏమీ తెలియదు. అక్క తిరిగొచ్చిందని సంబరపడింది. ఆ సంబరంతోనే ఒకరోజు కాస్త గంజి తాగింది కూడా. మేస్త్రి వీధి గదిలో కూర్చుని, గాలి అందుతోంది కదా, ఇంకో నాలుగు రోజుల్లో లేచి నడుస్తుందని ఎదురుచూశాడు. ఆమె లేవలేదు. ఒక మధ్యాహ్నం, గొట్టంలోంచి గాలి నిండుగా వస్తుండగానే, అక్క ఒళ్ళో తల పెట్టుకుని చిన్ని పోయింది.

కార్యక్రమాలన్నీ అయ్యాక మేస్త్రి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. వానాకాలమంతా గాలి సరిగా అందలేదనీ, అందుకే ఇలా అయిందా అనీ అడిగాడు. ఎందుకు అందలేదో చెప్పలేదు.

"ఆ జబ్బు ఎలాగూ ఇక్కడికే తెస్తుందండీ" అందామె.

"అది తెలుసమ్మా. గాలి అంది ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేదా?"

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఉండేదేమో. ఉండేది కాదేమో. ఎవరూ చెప్పలేరు" అంది.

ఆ జవాబు పట్టుకుని ఇంటికి నడిచాడు. అవునంటే కోపం తెచ్చుకునేవాడు, కాదంటే క్షమించేవాడు. రెండూ కాకుండా చేసి పంపింది. నెల తిరక్కుండా పనిలోకి వెళ్ళాడుగాని, ఏ గదిలో ఫ్యాను మీట నొక్కినా గాలి వచ్చేదాకా నిలబడలేకపోయేవాడు. పక్కవాడికి అప్పజెప్పి బయటికొచ్చేసేవాడు. అన్న రోజూ పిలిచి అన్నం పెట్టించేవాడు. వదిన వడ్డించి లోపలికి పోయేది. ఆ పడకగదిలో పడుకోవడం మానేసిందనీ, వరండాలో చాప వేసుకుంటోందనీ అన్న ఒకసారి అన్నాడు.

ఒక సాయంత్రం అన్న ఇంకా డ్యూటీ దిగలేదు. మేస్త్రి భోంచేసి చెయ్యి కడుక్కుంటుంటే వదిన పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మనిషి సగమైంది.

"ఒక్క మాట అడుగుతాను అబ్బాయ్. నిజం చెప్పు. నా వల్లేనా?"

కాదు వదినా అంటే సరిపోయేది. ఆ మాట అనాలనే ఉంది అతనికి. ఆమె కోసం, అన్న కోసం, పోయినదాని కోసం అయినా అనాలి. నోరు తెరిచాడు. కడిగిన చేతినుంచి నీళ్ళు కారుతుంటే అలాగే నిలబడ్డాడు. మాట రాలేదు.

వదిన కాసేపు చూసింది. తర్వాత, తనకి తెలిసిందే విన్నట్టు తలాడించి, అతను తిన్న కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.